ముక్కు నుంచి మెదడుకు: లోహ నానోకణాల పరిశోధన – ఒక చారిత్రక పరిశీలన

పీల్చిన ధూళి ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోతుందన్న భావన వైద్యరంగంలో చాలాకాలం ప్రబలంగా ఉండేది. దానికి భిన్నమైన సాక్ష్యం 1837లోనే వెలువడింది. గ్లాస్గోలో బ్లీచింగ్ పౌడరు తయారీకై మాంగనీసు ఖనిజాన్ని నూరే ఐదుగురు కార్మికుల్లో కాళ్లు పట్టుతప్పడం, ముందుకు తూలుతూ నడవడం, గొంతు సన్నగిల్లడం జాన్ కూపర్ అనే వైద్యుడు గమనించాడు. దెబ్బతిన్నది నాడీమండలం. లోహం అక్కడికి ఏ దారిన చేరిందో తేల్చే సాధనాలు ఆనాడు లేవు.

ఆ దారి జాడ దొరికింది విషశాస్త్రజ్ఞులకు కాదు, పోలియో పరిశోధకులకు. 1940 ప్రాంతంలో అమెరికాలో డేవిడ్ బోడియన్, హోవర్డ్ హోవ్ కోతుల ముక్కులో వేసిన పోలియో వైరస్ ఘ్రాణనాడి వెంట మెదడుకు చేరుతుందని చూపారు. నాడీతంతువుల్లో దాని వేగం గంటకు సుమారు 2.4 మిల్లీమీటర్లని లెక్కగట్టారు. వైరస్ పరిమాణం దాదాపు 30 నానోమీటర్లు. 1970లో డి లొరెంజో 50 నానోమీటర్ల బంగారు కణాలకు వెండి పూత పూసి కోతుల ముక్కులో వేశాడు. గంటలోపే అవి ఘ్రాణ లంబికలో కనబడ్డాయి. వేగం 2.5 మిల్లీమీటర్లు. వైరస్‌కైనా జడమైన బంగారానికైనా నాడి ఒకే తీరున దారి ఇచ్చిందన్నమాట!

ఇంతటి ఫలితం దశాబ్దాల పాటు మరుగున పడింది. మనుషులకు పోలియో ప్రధానంగా నోటి ద్వారా సోకుతుందని తేలడంతో ఘ్రాణమార్గంపై ఆసక్తి సన్నగిల్లింది. ఒక శాస్త్రంలో అక్కరకు రాని సత్యాన్ని పక్కశాస్త్రం వెతుక్కోలేదు.

2006లో రోచెస్టర్ పరిశోధకులు ఎలుకలచేత 30 నానోమీటర్ల మాంగనీసు ఆక్సైడ్ కణాలను పీల్పించారు. పన్నెండు రోజులకు ఘ్రాణ లంబికలో మాంగనీసు మూడున్నర రెట్లయింది. ఒక ముక్కురంధ్రం మూసినప్పుడు తెరిచిన వైపు లంబికలోనే లోహం పెరిగింది. రక్తం ద్వారానే చేరి ఉంటే రెండు వైపులా పెరగాలి కదా. కూపర్ కాలపు ప్రశ్నకు ఒక సమాధానం ఇలా దొరికింది.

రక్తమార్గమూ లేకపోలేదు. 2017లో ఎడిన్‌బరోలో ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులు పీల్చిన బంగారు కణాలు మూడు నెలల తర్వాత కూడా వారి రక్తంలో, మూత్రంలో కనబడ్డాయి. శస్త్రచికిత్సకు ముందు ఆ కణాలను పీల్చిన రోగుల మెడ ధమనుల్లోని కొవ్వుపూడికలోనూ అవి చేరాయి. అంతకుముందు ఏడాది మెక్సికో నగరం, మాంచెస్టర్ వాసుల మెదడు కణజాలంలో గుండ్రని మాగ్నటైట్ కణాలు బయటపడ్డాయి. అల్జీమర్స్ వ్యాధికి అవే కారణమని మాత్రం ఆ అధ్యయనం నిరూపించలేదు.

గాలి నాణ్యతను నేటికీ ప్రధానంగా ధూళి బరువుతోనే కొలుస్తున్నారు. 2.5 మైక్రోమీటర్ల రేణువు ఒక్కటి, అదే పదార్థపు 50 నానోమీటర్ల కణాలు 1,25,000తో సమానంగా తూగుతుంది.