పాత కారు ఏసీలో ఏ గ్యాస్ ఉంది?

మే నెల మధ్యాహ్నం, పాత కారులో వీరులపాడు నుంచి నందిగామ వెళ్తున్నారు. ఏసీ వేడిగాలి కొడుతోంది. వెంటనే మనం అనే మాట ఒకటే, "గ్యాస్ కొట్టించాలి". ఆగండి. అసలు ఏ గ్యాస్?

1930లలో ఫ్రిజ్‌లలోకి వచ్చిన ఆర్-12, తర్వాత దశాబ్దాల పాటు కారు ఏసీలనూ నడిపింది. మంట అంటుకోదు, విషం కాదు. కానీ ఇలాంటి గ్యాసులు పైకి చేరితే ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మొలీనా, రోలాండ్ చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో ఇండియా చేరింది. తర్వాత కార్లలోకి ఆర్-134ఎ వచ్చింది. ఇది ఓజోన్ జోలికి పోదు. కానీ గాల్లో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

అందుకే ముందు బానెట్ కింద స్టిక్కర్ చూడండి. ఈ రెండు గ్యాసులూ కలపకూడదు, వాటి ఆయిల్ కూడా వేరు. కండెన్సర్‌కి దుమ్ము పట్టినా, ఫ్యాన్ తిరగకపోయినా ఏసీ చల్లబడదు, అదీ చూడండి. ఇంకోటి, గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చైపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందనే. ముందు ఆ లీకు పట్టించి, తర్వాత వాక్యూమ్ చేయించి నింపించండి. లేదంటే వచ్చే ఎండాకాలం మళ్లీ అదే బిల్లు. మీరు డబ్బు పెట్టి కొన్న గ్యాసే బయటికి పోయి మన ఎండని ఇంకా పెంచుతుంది.