స్వర్ణవరి వంశము – ఫలభాగవిచారము

ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమనున్న ఉంగుటూరు మొదలుకొని కొల్లేటి యంచువఱకుఁ గల మాగాణిలో స్వర్ణ యనఁగా నేమియని యడుగువాఁ డుండఁడు. 1982వ సంవత్సరమున వెలువడిన నాఁటినుండి నాలుగు దశాబ్దములకుఁ బైగా సార్వాపైరుగా నిలిచిన వరి యిది. ఎం.టి.యు. 7029 అని దీని నమోదునామము. అందలి యక్షరములు మార్టేరునకు సంకేతములు. ఆ యూర వరి పరిశోధనస్థానము 1925లో నెలకొనెను.

జీవవనరులను వాడి లాభము పొందినవారు ఆ వనరుల నిచ్చినవారికిఁ గొంత పాలు ఈయవలయునని యిటీవలి శాసనములు విధించుచున్నవి. న్యాయమైన మాటయే. కాని పాలు పంచుటకు మున్ను దాయాదు లెవ్వరో తేలవలయును గదా. మన పొలములలోని స్వర్ణనే యుదాహరణముగాఁ గొని, దాని వంశమును విచారించి, యీ శాసనములు దానియెడ నెంతవఱకుఁ జెల్లునో చూతము.

స్వర్ణకు జననీజనకులు వసిష్ఠ, మసూరి యను రెండు వరులు. మసూరి యను పేరు వినఁగానే సంస్కృతము చదివినవారికి మసూరము, అనఁగా మనవారు మైసూరుపప్పని పిలుచునది, తలఁపునకు రాకమానదు. అట్టి వ్యుత్పత్తి యిచటఁ జెల్లదు. మహ్సూరి యనునది మలయాదేశపుఁ బేరు. లంకావి ద్వీపపు జనశ్రుతిలో నొక యువతికి నీ పేరు కలదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ, ఆసియాదేశముల తిండికొఱఁతను దీర్చుటకై, జపానుజాతి వరులను ఉష్ణదేశపు వరులతో సంకరము చేయు పనిని కటకములో నారంభింపఁజేసెను. అచటి కేంద్ర వరి పరిశోధనసంస్థ 1946లో స్థాపితమైనది. తైవానునుండి తైచుంగ్ 65 అను వరియు, మలయానుండి మయాంగ్ ఎబోస్ అను వరియు వచ్చి కటకపు మడులలోఁ గలిసినవి. సంతానము మలయాకుఁ బోయి, అచట నేరఁబడి, 1965లో మహ్సూరి యను పేరొందెను. మరల నదియే మన దేశమునకు వచ్చి యాంధ్రకర్షకుని నోట మసూరి యయ్యెను. మార్టేరువారు దానిని వసిష్ఠతోఁ గలుపఁగా స్వర్ణ పుట్టెను. తైవాను, మలయా, ఉత్కలము, ఆంధ్రము – ఇన్ని నేలల యుప్పు దిన్న బిడ్డ యిది.

వ్యాకరణమున నపత్యార్థక ప్రత్యయము లున్నవి. వసిష్ఠుని సంతానము వాసిష్ఠుఁ డగును. తొలి యచ్చునకు వృద్ధి వచ్చినను బ్రకృతి కానవచ్చుచునే యుండును. విత్తులకుఁ బేరిడువారికి నిట్టి నియమము లేదు. స్వర్ణ యను శబ్దము నెంత విప్పిచూచినను దైచుంగ్ గాని మయాంగ్ ఎబోస్ గాని కనఁబడదు. వంశము పరిశోధనస్థానముల పుస్తకములలో మాత్రమే యున్నది. ఆ పుస్తకములును గొంతదూరము పోయి నిలిచిపోవును. మయాంగ్ ఎబోసును దరతరములుగా నేరి కాపాడిన మలయా కర్షకు లెవ్వరో యందు లేదు.

ఇఁక స్వర్ణసంతతి మాట. ఈ వరి గోదావరిసీమలో నిలువక ఒడిశా, వంగ, బిహారు రాష్ట్రములకుఁ బ్రాకెను. రైతు చేతినుండి రైతు చేతికి సరిహద్దు దాఁటి నేపాళమునకును బంగ్లాదేశమునకును జేరెను. అచట గుటిస్వర్ణ యను పేరఁ బిలువఁబడుచున్నది. ఫిలిప్పీనులలో 1960లో స్థాపితమైన అంతర్జాతీయ వరి పరిశోధనసంస్థవారు దీనికి ముంపు నోర్చుగుణమును జేర్చిరి. ఆ గుణము ఒడిశాలోని ధాల్‌పుట్టియా యను దేశవాళి వరిది. దానినుండి కటకమున నేరిన శుద్ధవంశమునకు ఎఫ్.ఆర్. 13ఎ అని సంజ్ఞ. ఆ గుణమునకు మూలమైన జన్యువు 2006లోఁ బ్రకటితమయ్యెను. స్వర్ణ-సబ్1 అను పేర నీ వరి 2009లో మన దేశమున విడుదలయ్యెను. రెండు వారముల వఱకు నీట మునిఁగినను మరలఁ జిగిర్చును. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు మట్టము దప్పినపుడు నారుమళ్లేమగునో యెఱిఁగినవారికి ఈ గుణపు వెల వివరింప నవసరము లేదు.

ఇప్పుడు శాసనముల కాలమును గమనింపవలయును. 1983నాఁటి ఆహార వ్యవసాయసంస్థ యొడంబడిక విత్తనములు మానవజాతి కెల్ల నుమ్మడిసొత్తని చాటెను. 1992లో రియో నగరమునఁ గుదిరి 1993 డిసెంబరు 29నుండి యమలులోనికి వచ్చిన జీవవైవిధ్య ఒడంబడిక యా మాట మార్చి, ఏ దేశపు జీవవనరులు ఆ దేశపుఁ బ్రభుత్వమువే యనెను. దాని ననుసరించియే మన పార్లమెంటు 2002లో జీవవైవిధ్య చట్టమును జేసెను. 2010నాఁటి నగోయా ఒప్పందము ఫలభాగనియమములను గట్టిపఱచెను. కాని మహ్సూరి 1965నాఁటిది, స్వర్ణ 1982నాఁటిది. ఒడంబడికకు మున్నే దేశములు దాఁటి సేకరణములలోఁ జేరిన విత్తులకు నా ఒడంబడికలోని ఫలభాగనియమము వర్తింపదు. పైగా వ్యవసాయమున వాడుకలోనున్న సాధారణ ప్రజననపద్ధతులను మన చట్టము వాణిజ్యవినియోగముగా నెంచదు. ఇట్లు స్వర్ణ రెండు విధములఁ జట్టపుఁ బరిధికి వెలుపల నిలిచినది.

చట్టము పనిచేసిన తావులు లేకపోలేదు. నాఁటి మహబూబునగరు జిల్లాలోని అమరచింతనుండి సేకరించిన వేపాకు జపానునకు నెగుమతి కాఁగా, హైదరాబాదు సంస్థ యొకటి జాతీయ జీవవైవిధ్య ప్రాధికారమునకు 55,035 రూపాయలు చెల్లించెను. ఆ ఫలము అమరచింత జీవవైవిధ్య యాజమాన్యసంఘమునకు వేపమొక్కలు నాటుటకై యుద్దేశింపఁబడెను. 2025లో నెఱ్ఱచందనపు ఫలభాగముగా 39.84 కోట్ల రూపాయలు ఆంధ్రప్రదేశ్ అటవీశాఖకును రాష్ట్ర జీవవైవిధ్యమండలికిని విడుదలయ్యెను. ఇచట విభాగ మేల సాధ్యమయ్యె ననఁగా, ఆకునకుఁ జెట్టున్నది, చెట్టునకు నూరున్నది. చందనపు దుంగకు శేషాచలమున్నది. తూఁచవచ్చును, వెల కట్టవచ్చును, ఎచటిదో చెప్పవచ్చును. విత్తన మట్టిది కాదు. పిడికెఁడు చాలును, నాలుగు పంటలలో దేశమెల్ల నిండును.

చిత్తశుద్ధితో యత్నించినవారికిని నిది సులభము గాలేదు. ఆఫ్రికాలోని మాలీదేశపు అడవివరినుండి ఎండాకు తెగులు నాఁపు జన్యువును గాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 1995లో వేఱుచేసి, దానిపై పేటెంటు పొంది, వచ్చు రాబడిలోఁ గొంత మూలదేశమునకుఁ జెందునట్లు ఒక నిధిని నెలకొల్పిరి. అనుమతి తీసికొన్న కంపెనీలు సరకును దేలేదు. నిధికి రాబడియు లేకపోయెను. ఆ జన్యువు మాత్రము సంప్రదాయ సంకరమార్గమున మన సాంబమసూరిలోఁ జేరి, 2008లో హైదరాబాదు పరిశోధకుల చేతిమీఁదుగా మెఱుగుపఱచిన సాంబమసూరిగా వెలువడెను. సాంబమసూరి 1986లో బాపట్లనుండి వచ్చినది. దానికిని మహ్సూరియే యొక జనకము. మన అన్నపుఁ బళ్లెములో మాలీ యడవి కలదని యెందఱెఱుఁగుదురు?

మన పల్లెలలోఁ బూర్వము కళ్లమువద్దనే వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి మేరలు కొలిచెడివారు. పుచ్చుకొనువాఁడు కన్నుల యెదుట నిలిచియుండెను. విత్తనము వాడుక వేఱు. విత్తులు బదులు తెచ్చుకొన్నవాఁడు కోఁతలైన పిమ్మట గింజలతోనే తీర్చెడివాఁడు. 2002నాఁటి చట్టము మేరవంటిది. 2001లోఁ గుదిరి 2004లో నమలైన ఆహారపైరుల అంతర్జాతీయసంధి రెండవదానిని బోలును. వరి మొదలగు 64 పైరులను అది యుమ్మడిగాదెలోఁ జేర్చెను. ఇతరులకుఁ దలుపుమూసి విత్తన మమ్ముకొనువాఁడు మాత్రము అమ్మకపు రాబడిలో 0.77 శాతము ఫలభాగనిధికిఁ జెల్లింపవలయును. స్వర్ణవంటి వరికి నీ మార్గమే తగినదని నా యభిప్రాయము. లోప మేమనఁగా, ఆ నిధి యెచటనో యున్నది. ధాల్‌పుట్టియా పండించిన యొడిశా పల్లెకు దానినుండి దారి లేదు. మనకుఁ బ్రత్యక్షమైన పాలు 2001నాఁటి మఱియొక చట్టమునఁ గలదు: ముద్రవేసి యమ్మనంతవఱకు, రైతు తన విత్తనమును దాఁచుకొనవచ్చును, విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్మవచ్చును.

ఈ హక్కును గాపాడుకొనవలసిన తఱి వచ్చినది. 2025 మే 4వ తేదీన జన్యుసవరణముచేఁ గలిగిన రెండు వరులను గేంద్రవ్యవసాయమంత్రి ప్రకటించెను. అందొకటికి మూలము సాంబమసూరి. రెండవదానికి మార్టేరువారి కాటన్‌దొర సన్నాలు. సవరించినవారు మన ప్రభుత్వ సంస్థలవారే. కాని సవరణకు వాడిన కత్తెరపై పేటెంటులు విదేశీయులవి. పనిముట్టునకు స్వామి కలఁడు, పత్రము కలదు. కత్తిరింపఁబడిన విత్తునకు వంశపట్టిక మాత్రమే కలదు, అదియు నసమగ్రము. చట్టము ప్రతి స్థానికసంఘమును బ్రజాజీవవైవిధ్య పట్టికను వ్రాయుమనుచున్నది. కొల్లేటి యంచున ముంపునేలలలోఁ బూర్వము చల్లిన వరుల పేరు లెఱిఁగిన వృద్ధు లింకను గొందఱున్నారు. ఆ పేరులును, వాని గుణములును, ఏ యూర నెవరియింటఁ గాపాడఁబడినవో యా వివరమును, అడిగి వ్రాసికొనుటకు నొక వేసవి చాలును.