కచ్చేరీ చిత్రములు – కటకముల కథ

పోయిన ఉగాదికి మన సంఘము జరిపిన కచ్చేరీలో, ఆలాపన మంచి పట్టులో నుండగా నేను ఫ్లాష్ వెలిగించితిని. గాయకురాలు ఉలికిపడి ఆగినది. ఆ సిగ్గే నా చేత ఈ చరిత్ర చదివించినది.

1840లో వియన్నాలో పెట్జ్‌వాల్ అను గణితాచార్యుడు ఎఫ్/3.6 కటకమును రూపొందించెను. ముఖచిత్రములకు అది గొప్ప మేలు చేసినది గాని, దీపాల వెలుగులో గానసభకు చాలలేదు. 1924లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున ఎర్నెమాన్ కంపెనీ ఎర్మనాక్స్ కెమెరాను తెచ్చెను. దాని ఎర్నోస్టార్ కటకము ఎఫ్/2. అట్టి కెమెరాతోనే ఎరిఖ్ సాలమన్ 1928లో న్యాయస్థానములలో, సభలలో ఫ్లాష్ లేకుండగనే చిత్రములు తీసెను. అయితే చిత్రమునకొక గాజు పలక మార్చవలసి వచ్చెడిది. 1932లో ఎర్నోస్టార్ రూపకర్త బెర్టెలెయే జైస్ కంపెనీకి ఫిల్ము కెమెరా కొరకు ఎఫ్/1.5 సోనార్ రచించి ఆ ఇబ్బంది తీర్చెను.

ఎఫ్ పక్క అంకె తగ్గినకొలది కటకపు ద్వారము పెద్దదగును. ఎఫ్/4 కంటె ఎఫ్/2 నాలుగు రెట్లు వెలుగు నిచ్చును. అందు సెకనులో 15వ వంతు పట్టు చిత్రము ఇందు 60వ వంతులో ముగియును. తల యూపు గాయకుని ముఖము చెదరదు. అయితే దృష్టి ముఖముపై నిలిపితే వెనుక తంబురా మసకబారును.

ముందు వరుసవారికి 50 మిల్లీమీటర్ల కటకము, వెనుకవారికి 85 తగును. పొడవు కంటె వెలుగే ముఖ్యము.

ఈ తమిళనాట త్యాగరాజస్వామి కీర్తనలలో మన భాష వినవచ్చుచున్నది. దానికి అడ్డు రాకూడదు గదా! ఈ ఉగాదికి నా ఫ్లాష్ ఇంటనే యుండును.