సైజ్_టి (సి భాష)

సి ప్రోగ్రామింగు భాషలో వస్తువుల పరిమాణాన్ని బైట్లలో తెలిపే పూర్ణాంక రకాన్ని సైజ్_టి అంటారు. ఇది అన్‌సైన్డ్ రకం. అనగా ఇందులో సున్న, ధన సంఖ్యలు తప్ప ఋణ సంఖ్యలు ఇమడవు. సైజాఫ్ ఆపరేటరు, స్ట్రింగు పొడవు తెలిపే స్టర్‌లెన్ ఫంక్షను ఇచ్చే ఫలితాలు ఈ రకానికి చెందినవే.

చరిత్ర

1978లో వెలువడిన కెర్నిగన్, రిచీల గ్రంథపు తొలి ముద్రణలో ఈ పేరు లేదు. అప్పట్లో పొడవులకు ఇంట్ రకాన్నే వాడేవారు. 16 బిట్ల ఇంట్‌లో పట్టే గరిష్ఠ సంఖ్య 32,767 మాత్రమే కనుక, అంతకు మించిన అర్రే పరిమాణానికి అది చాలదు. 1989 నాటి ఆన్సీ ప్రమాణం పేరును ఒక్కటిగా ఉంచి, దాని వెనుక ఏ రకం ఉండాలన్నది కంపైలరుకు విడిచిపెట్టింది. 64 బిట్ల లినక్స్‌లో అది సాధారణంగా అన్‌సైన్డ్ లాంగ్. 64 బిట్ల విండోస్‌లో లాంగ్‌కు 4 బైట్లే కాబట్టి అక్కడ అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్.

తీసివేతతో చిక్కు

యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తు కూడా విడి సంకేతమే. ఆ లెక్కన "ఏలూరు" అనే మాటకు 5 సంకేతాలు, 15 బైట్లు; "దెందులూరు"కు 9 సంకేతాలు, 27 బైట్లు. స్టర్‌లెన్ ఇచ్చేది బైట్ల లెక్కే గాని అక్షరాల లెక్క కాదు.

ఇప్పుడు 15 నుండి 27 తీసివేస్తే -12 రావాలి. కాని సైజ్_టిలో ఋణ సంఖ్యకు చోటు లేదు కదా! గడియారంలో ముల్లు వెనుకకు తిరిగి 12 దాటినట్లు, ఫలితం పై కొసకు చేరుతుంది. 64 బిట్ల యంత్రంలో అది 18446744073709551604. "తేడా సున్నకంటె ఎక్కువా?" అని పరీక్షిస్తే అవుననే జవాబు వస్తుంది. కనుక తీసివేయకుండా రెండు పొడవులను నేరుగా పోల్చాలి. ఇటువంటి చరరాశిని తగ్గిస్తూ "సున్న లేదా అంతకు మించి ఉన్నంతవరకు" అని వ్రాసిన లూపు కూడా ఎన్నటికీ ఆగదు. విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఇదే.

అనుభవజ్ఞులకూ ఇది తప్పలేదు. 2002లో ఫ్రీబీఎస్‌డీ కెర్నలులో ఇటువంటి లోపం బయటపడింది. ఋణ సంఖ్యగా ఇచ్చిన పొడవు, గరిష్ఠ పరిమితి పరీక్షను దాటిపోయి, మెమరీని నకలు చేసే చోట అతి పెద్ద ధన సంఖ్యగా మారేది. దానివలన కెర్నలు మెమరీలోని రహస్య సమాచారం బయటివారి చేత పడే అవకాశం ఏర్పడింది.

సంబంధిత రకాలు

రెండు పాయింటర్ల మధ్య దూరానికి, ఋణ విలువ కూడా రాగలదు గనుక, పీటీఆర్‌డిఫ్_టి వాడతారు. సైజ్_టి విలువను ముద్రించడానికి 1999 ప్రమాణం ప్రింట్‌ఎఫ్‌లో జెడ్, యు అక్షరాల జంటను ప్రవేశపెట్టింది.