1973 నుంచి 2015 దాకా: ఆ 42 ఏళ్లు ఎక్కడికి పోయాయి?

ఎపిసోడ్‌లో టైం సరిపోక గబగబా దాటేసిన సంగతుల్ని ఇక్కడ కాస్త నిదానంగా చెప్పుకుందాం. విననివాళ్లకి కూడా అర్థమయ్యేలా మొదట్నించీ మొదలెడతాను.

1973 సెప్టెంబర్. కలాంగ్‌లో నేషనల్ స్టేడియం తెరిచి రెండు నెలలు కూడా నిండలేదు. అప్పట్లో సీప్ గేమ్స్ అని పిలిచే ఆగ్నేయాసియా పోటీలు మొదటిసారి సింగపూర్‌లో జరుగుతున్నాయి. ఆడవాళ్ల 200 మీటర్లలో బర్మా అమ్మాయి థాన్ థాన్, సింగపూర్‌కి చెందిన గ్లోరీ బార్నబస్ దాదాపు ఒకేసారి గీత దాటారు. ఎవరు గెలిచారో కంటికి తేలలేదు, ఫొటో చూసి చెప్పాల్సి వచ్చింది. బంగారం గ్లోరీదే. భారతీయ మూలాలున్న ఈవిడ వృత్తిరీత్యా టీచర్, అప్పటికే వయసు ముప్పై దాటింది. పగలంతా బడి, ఆ తర్వాత ట్రాక్. ఆ రోజుల్లో ఎవరికీ వేరే దారి లేదు మరి.

అదే 200 మీటర్లలో సింగపూర్ అమ్మాయి మళ్లీ బంగారం గెలిచింది 2015లో. ఈసారీ వేదిక కలాంగే, కానీ పాత స్టేడియం కూల్చేసి దాని చోట కట్టిన కొత్తది. అమ్మాయి పేరు శాంతి పెరీరా, టైం 23.60 సెకన్లు. మధ్యలో గడిచినవి 42 ఏళ్లు.

ఈ 42 ఏళ్లలో సింగపూర్ ఆడవాళ్లు ఏమీ గెలవలేదని కాదండోయ్. 1974లో టెహ్రాన్ ఆసియా క్రీడల్లో చీ స్వీ లీ 400 మీటర్లలో బంగారం తెచ్చింది. ఆడవాళ్ల 400 మీటర్లు ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1964లో. అంటే అప్పటికి ఆ పరుగు వయసు పదేళ్లే అనుకోండి. 1983లో సింగపూర్‌లోనే జరిగిన సీ గేమ్స్‌లో కె. జయమణి మారథాన్ గెలిచారు. ఈతలో ప్యాట్రిషియా చాన్ ఒక్కతే సీప్ గేమ్స్‌లో 39 బంగారు పతకాలు పోగేసింది. సత్తాకి కొదవ ఎప్పుడూ లేదు. అయినా చీ స్వీ లీ తర్వాత ఆసియా క్రీడల అథ్లెటిక్స్‌లో సింగపూర్‌కి ఇంకో బంగారం రావడానికి, ఆడా మగా అందర్నీ కలిపి లెక్కేసినా, 49 ఏళ్లు పట్టింది. 2023లో హాంగ్‌జౌలో తెచ్చింది మళ్లీ శాంతి పెరీరానే.

మరి ఇన్నేళ్లూ అమ్మాయిలు ఎక్కడ ఆగిపోయారు? బడిలో కాదు. బడి దాటాక, కాలేజీ గుమ్మం దగ్గర అని నా అభిప్రాయం.

ఆడపిల్లలు ఆడటం ఈ ఊరికి కొత్తేం కాదు. 1930 ప్రాంతంలోనే యురేషియన్ అమ్మాయిలు కలిసి గర్ల్స్ స్పోర్ట్స్ క్లబ్ పెట్టుకున్నారు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కి వెళ్లిన టాంగ్ పుయ్ వా ఇంకా చదువుకునే పిల్లే. సింగపూర్ నుంచి ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి మహిళ ఆవిడే. పరిగెత్తింది 80 మీటర్ల హర్డిల్స్. ఆడవాళ్లకి అప్పట్లో అంతే దూరం, ఒలింపిక్స్‌లో అది వంద మీటర్లయ్యింది 1972లో.

అదే 1972లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థలోనూ ఆడా మగా తేడా చూపకూడదు అనేది దాని సారం. ఇంగ్లీషులో 37 మాటల వాక్యం, అందులో ఆటల ఊసే లేదు. అయినా కాలేజీల్లో ఆడపిల్లల జట్లు, కోచ్‌లు, స్కాలర్‌షిప్పులు పెరగడానికి అదే ఆధారమైంది. సింగపూర్‌లో గానీ, మన ఇండియాలో గానీ అలాంటి చట్టం లేదు.

సింగపూర్‌లో కథ ఇంకోలా నడిచింది. ఆటలు పక్కనబెట్టి మెడిసిన్ సీట్ల సంగతి చూడండి. 1979 నుంచి 2003 దాకా యూనివర్సిటీ మెడికల్ కాలేజీలో అమ్మాయిలకి మూడో వంతు సీట్లే. ఆడ డాక్టర్లు పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక పని మానేస్తారు, ప్రభుత్వం పెట్టిన ఖర్చు వృథా అవుతుంది అన్నది అప్పుడు చెప్పిన లెక్క. ఆటలకి అలాంటి కోటా ఎవరూ రాసిపెట్టలేదు. కానీ "ఎలాగూ మానేస్తుందిగా, ఇప్పుడింత ఖర్చెందుకు?" అనే లెక్క మాత్రం ఇళ్లలో మామూలే. కాగితం మీద లేని కోటాని ఎత్తేయడం ఎలాగో మీరే చెప్పండి.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. నేషనల్ సర్వీస్ ఉన్నది మగపిల్లలకి. పద్దెనిమిదేళ్లకి రెండేళ్లు యూనిఫాం వేసుకోవాల్సింది వాళ్లు. అమ్మాయిలు నేరుగా యూనివర్సిటీకి వెళ్లిపోతారు. ఆ లెక్కన ట్రాక్ మీద ఉండటానికి అమ్మాయిలకే రెండేళ్లు ఎక్కువ దొరకాలి. దొరకవు. డిగ్రీ, ఇంటర్న్‌షిప్, ఉద్యోగం వరసగా వచ్చి మీద పడతాయి. మన తెలుగు ఇళ్లలోనైతే మధ్యలో సంబంధాలు చూడటం కూడా మొదలవుతుంది.

శాంతి పెరీరా కథలో నాకు ఆసక్తిగా అనిపించేది పతకాలు కాదు, 2015కీ 2022కీ మధ్య కాలం. గాయాలు, ఓటములు. 2017లోనూ 2019లోనూ సీ గేమ్స్‌లో 200 మీటర్ల బంగారం రాలేదు. ప్రభుత్వం ఇచ్చే క్రీడా స్కాలర్‌షిప్ కూడా మధ్యలో చేజారింది. సింగపూర్ మేనేజ్‌మెంట్ యూనివర్సిటీలో చదువుకుంటూనే పరుగు కొనసాగించింది. చాలామంది మానేసేది సరిగ్గా ఈ వయసులోనే. ఆ అమ్మాయి మానలేదు. 2022 మేలో హనోయిలో మళ్లీ బంగారం. 2023లో నమ్‌పెన్‌లో వంద, రెండు వందలు రెండూ.

మన పిల్లల సంగతికొస్తే, సింగపూర్‌లో 2004 నుంచి డీఎస్ఏ ఉంది కదా. ఆటలో ప్రతిభ చూపిస్తే పెద్ద పరీక్ష మార్కుల కంటే ముందే మంచి సెకండరీ స్కూల్లో సీటు. దీనికోసం ప్రైమరీలో బ్యాడ్మింటన్ కోచింగ్‌కి తిప్పుతాం, నెట్‌బాల్‌కి తిప్పుతాం. సీటు వచ్చి నాలుగేళ్లయ్యాక, జేసీకొచ్చే సరికి రాకెట్ అటక మీదకి పోతుంది. అబ్బాయిది కూడా పోతుంది, కాదనను. కానీ "చీకటి పడ్డాక ప్రాక్టీస్ ఏంటి?" అనే మాట అబ్బాయికి ఎవరూ అనరు.

2023 జూలైలో బ్యాంకాక్‌లో ఆసియా అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఆడవాళ్ల 200 మీటర్లలో శాంతి పెరీరా మొదట వచ్చింది. రెండో స్థానంలో వచ్చింది ఎవరో తెలుసా? మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి. అసలు ఆమె ఈవెంట్ 100 మీటర్ల హర్డిల్స్, అందులో అక్కడ బంగారం కూడా గెలిచింది. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్లలోనూ ఆసుపత్రిలోనూ పనిచేసేవారు. జ్యోతిది కూడా కాలేజీ పోటీల దారే, గుంటూరు దగ్గరి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు జరిగాయి. అక్కడ జ్యోతి హర్డిల్స్‌ని 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన 13.38. అంటే పద్దెనిమిదేళ్ల రికార్డు చిత్తుగా పగలాలి. పగల్లేదు! ఆ పోటీలో డోపింగ్ పరీక్ష చేయలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య తరఫున సాంకేతిక ప్రతినిధి లేరు, కాబట్టి లెక్కలోకి తీసుకోం అన్నారు. నిబంధన నిబంధనే, నిజమే. కానీ దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ కలిసి పెట్టుకునే పోటీలో రికార్డు పగిలే అవకాశం ఉంటుందని ముందే అనుకోవాల్సింది ఎవరు? పరిగెత్తే అమ్మాయి కాదు కదా. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరిగెత్తితే గాలి పరిమితి దాటిందని అదీ పోయింది. చివరికి 2022 మేలో సైప్రస్‌లో 13.23 పరిగెత్తాక రికార్డు ఆమె పేరు మీదకి వచ్చింది.

2023 ఆగస్టులో చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం, కొత్త జాతీయ రికార్డు. 2024లో పారిస్ వెళ్లి, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన మొదటి భారతీయురాలైంది. విద్యార్థినిగా మూడబిద్రిలో పరిగెత్తిన 13.03ని మాత్రం జాతీయ రికార్డుగా ఎప్పుడూ రాసుకోలేదు.