పెరూ చేపలూ, మా యానాం పీతలూ

నా చిన్నప్పుడు మా యానాంలో పెద్దవాళ్లు కలరా అనేవారు కాదు, మరిడి అనేవారు. ఇంట్లో ఎవరికైనా వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే మా నాయనమ్మ అనుమానం ముందు చేపల గంప మీదికే పోయేది. ఒకసారి మా తమ్ముడికి అలాగే వస్తే, వీధిలోకి వచ్చే చేపలావిడను వారం రోజులు గుమ్మం ఎక్కనివ్వలేదు. ఆవిడ తప్పేమిటని ఎవరూ అడగలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత పెరూ దేశపు సంగతి చదువుతుంటే నాకు ఆవిడే గుర్తుకొచ్చింది.

1991 జనవరి నెలాఖరున చాంకాయ్, చింబోతే వంటి పెరూ రేవు పట్టణాల్లో కలరా బయటపడింది. దక్షిణ అమెరికాలో దాదాపు నూరేళ్లుగా దాని జాడ లేదు. ఆ ఒక్క ఏడాదిలోనే పెరూలో 3 లక్షల 20 వేల మందికి పైగా జబ్బుపడ్డారు. సుమారు 2,900 మంది పోయారు. అక్కడివాళ్లకు సెవిచే అంటే ప్రాణం. పచ్చి చేప ముక్కల్ని నిమ్మరసంలో నానబెట్టి, ఉల్లిపాయా మిరపకాయా కలుపుకు తింటారు. పొయ్యి మీద పెట్టడమన్నది లేదు. పచ్చి చేప తినవద్దని ఆరోగ్యమంత్రి హెచ్చరించాడు. చేపల బేరాలు పడిపోయాయి. విదేశాలు పెరూ సరుకు వద్దన్నాయి. అధ్యక్షుడు ఫుజిమోరి నలుగురి ముందూ పచ్చి చేప తిని చూపించాడు. మంత్రి ఆ తర్వాత పదవి వదులుకున్నాడు. పడవల మీద బతికేవాళ్లకు వీళ్లిద్దరి మాటల వల్లా ఒరిగిందేమీ లేదు.

ట్రుహీయో పట్టణంలో పరిశోధకులు రోగుల ఇళ్లకు వెళ్లి ఆరా తీస్తే తేలింది వేరు. కాచని నీళ్లు తాగినవాళ్లూ, చేతులు ముంచిన పాత్రలోని నీళ్లు తాగినవాళ్లూ ఎక్కువగా జబ్బుపడ్డారు. కొళాయి నీళ్లలో క్లోరిన్ సరిగా కలపడమే లేదు. పైగా నిమ్మ పులుపు కలరా క్రిమికి పడదు.

అలాగని చేపను పూర్తిగా వెనకేసుకు రాలేను. ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట్లు ఆ క్రిమికి పుట్టిల్లు. నీటిలోని కంటికానని రొయ్యజాతి జీవుల పెంకులను అంటిపెట్టుకుని బతుకుతుంది. ఊరి మురుగు తోడైతే ఇక చెప్పనక్కరలేదు. 1973లో ఇటలీలోని నేపుల్స్‌లో కలరా వస్తే ఆలిచిప్పల మీద నేరం మోపి, తీరంలోని పెంపకాలను ధ్వంసం చేశారు. ఊరి మురుగు పోయేదీ ఆ అఖాతంలోకే. 1978లో అమెరికాలోని లూసియానాలో సరిగా ఉడకని పీతలు తిన్నవాళ్లకు కలరా వచ్చింది. పీతను 8 నిమిషాలు మరిగించినా, 25 నిమిషాలు ఆవిరి మీద ఉడికించినా లోపల క్రిమి బతికి ఉండగలదని అప్పుడే తేలింది.

మాదీ అలాంటి చోటే. గౌతమి సముద్రంలో కలిసేది మా ఊరు దాటాకే. ఇప్పుడు మా ఇంట్లో పీతల పులుసు ఎంతసేపు ఉడికినా నేను ఇంకా కాసేపు ఉండనీ అంటుంటాను. మా ఆవిడ విసుక్కుంటుంది.

ఆ రోజుల్లో మా వంటింటి మూల ఒక నీళ్లకుండ ఉండేది. దాహం వేసినవాడల్లా ఆటల నుంచి వచ్చిన చేత్తోనే గ్లాసు ముంచేవాడు. నేనూ ముంచేవాణ్ని. తమ్ముడు కోలుకున్నాక నాయనమ్మే చేపలావిడను కేకేసి పిలిచింది. ఆవిడ గంప దించింది గానీ చాలాసేపు మాట్లాడలేదు. నాయనమ్మ ఆ రోజు బేరమాడలేదు.