డిఫరెన్షియల్‌కు తాళము

ఎద్దుబండి చక్రములు రెండును ఇరుసుపై విడివిడిగా తిరుగును. అందుచేత మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ దూరము పోయినను చిక్కు లేదు. చక్రములను యంత్రబలముతో త్రిప్పవలసి వచ్చినపుడే చిక్కు మొదలైనది. వెనుక చక్రముల నడుమ ఒకటిన్నర మీటరు ఎడమున్న బండి ఒక పూర్తి చుట్టు తిరిగినచో, వెలుపలి చక్రము లోపలి దానికంటె సుమారు 9.4 మీటర్లు ఎక్కువ పోవలెను. రెండింటిని ఒకే కడ్డీకి బిగించినచో ఏదో ఒకటి నేలపై జారక తప్పదు.

ఫ్రాన్సు దేశస్థుడగు ఒనెసిఫోర్ పెకర్ 1827-28 ప్రాంతమున ఆవిరిబండి కొఱకు దీనికి ఉపాయము కనిపెట్టెను. ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1877లో మూడు చక్రముల సైకిలుకు ఇట్టి పండ్లచక్రముల అమరికనే చేసెను. తానును కుమారుడును ప్రక్కప్రక్కన కూర్చుండి తొక్కుచుండగా, బలవంతుని వైపునుండి బండి ప్రక్కకు మరలుట చూచి అతనికి ఆ ఆలోచన తోచినదని చెప్పుదురు. 1885లో కార్ల్ బెంజ్ నిర్మించిన మోటారుబండిలోను ఇది కలదు. ఇదియే డిఫరెన్షియల్.

ఈ యంత్రము చక్రముల వేగములను వేరుకానిచ్చును గాని, తిప్పుబలమును మాత్రము రెండింటికి ఇంచుమించు సమానముగా పంచును. దాని గుణమును, దోషమును ఇందే కలవు. ఒక చక్రము బురదలో నుండి 20 పాళ్ళ బలమునే ఆనగలదనుకొందము. గట్టినేలపైనున్న రెండవ చక్రము 200 పాళ్ళు ఆనగలిగినను దానికి అందునది 20 పాళ్ళే. మొత్తము 40. బండి కదలదు, బురదలోని చక్రము ఊరక గిరగిర తిరుగుచుండును. ఇరుప్రక్కల ఇరుసులను ఒకటిగా బిగించినచో 220 పాళ్ళును పనికివచ్చును. ఆ బిగింపే డిఫరెన్షియల్ తాళము.

1935లో ఫెర్డినాండ్ పోర్షే కోరికపై జర్మనీలోని జెడ్.ఎఫ్. సంస్థ, పందెపు కార్ల కొఱకు జారుడును కొంతవరకు మాత్రమే అరికట్టు డిఫరెన్షియల్‌ను రూపొందించెను. 1979లో వచ్చిన మెర్సిడెస్ జి-తరగతి బండ్లకు ముందు వెనుకల రెంటికిని డ్రైవరు వేయదగిన తాళములు లభించెను. ఆస్ట్రేలియాలోని ఏ.ఆర్.బి. సంస్థ 1987లో ఒక గాలితాళపు హక్కులను కొని, దానిని ప్రసిద్ధికి తెచ్చెను. 2005 నాటి డాడ్జ్ పవర్ వాగన్ పికప్ ట్రక్కులో ముందు, వెనుక ఇరుసులు రెంటికిని విద్యుత్తుతో పనిచేయు తాళములు కలవు. అందు వెనుక తాళము పడిన పిమ్మటనే ముందుది పడును.

ఈ వరుసకు కారణమేమి? ముందు చక్రములు బండిని లాగుటయే గాక దారిని కూడ మళ్ళించును. వాటిని ఒకే వేగమునకు బిగించినచో స్టీరింగు బరువెక్కును. బండి తిన్నగా పోవుటకే మొగ్గును. చక్రములు బాగుగా తిప్పియుండగా బలము ప్రయోగించినచో, ఇరుసు చివరనున్న కీళ్ళు విరుగు ప్రమాదమును కలదు. ఏటవాలు కొండదారిలో స్టీరింగు వశము తప్పుట ప్రాణాపాయము.

కనుక ముందు ఇరుసుకు తాళమును ఎన్నుకొనువారు ముందుగా "ఎంత గట్టిగా పట్టును?" అని గాక, "కావలసినపుడు విడువగలనా?" అని ప్రశ్నించుకొనవలెను. జారుడును అరికట్టు రకము స్టీరింగును అంతగా బాధింపదు. కాని చక్రము గాలిలో లేచినచో వానిలో పెక్కింటి పట్టు చాలదు. తనంత తాను పడు తాళమునకు మీట గాని, గొట్టము గాని అక్కరలేదు. ముందు ఇరుసుకు బలము నందీయకుండ నడుపునపుడు అది బాధింపదు. నాలుగు చక్రములకు బలము నిచ్చినపుడు మాత్రము మలుపులో మొండికెత్తును. గాలితోనో, విద్యుత్తుతోనో వేయు తాళమునకు ఖర్చు ఎక్కువ. గాలిగొట్టము కారవచ్చును, తీగ తెగవచ్చును. అయినను పట్టు విడుపులు రెండును డ్రైవరు చేతిలో నుండును. మలుపులు గల దారులలో తిరుగు పికప్‌కు ఇదియే మేలు.

మన దమ్ముచేలలో ట్రాక్టరు నడుపువారికి ఈ నీతి క్రొత్త కాదు. చక్రము దిగబడినపుడు వారు తాళపు పెడలును త్రొక్కుదురు. గట్టు దగ్గర మళ్ళుటకు ముందు కాలు తీయుదురు.